నియ్యత్ మంచిదైతే చాలదు, నేర్పూ కావాలి

చాలా ఏళ్ల క్రితం సంగతి. నేను పనిచేస్తున్న ఊళ్లో ఒక అంజుమన్ వారు బీడీలు చుట్టే స్త్రీలకు చదువు చెప్పించాలని సంకల్పించారు. ఒక పెద్దమనిషి తన ఇంటి వరండా ఇచ్చారు. ఇంకొకరు పలకలు, బలపాలు, చాపలు కొనిచ్చారు. పాఠం చెప్పే పని నా మీదా, అప్పట్లో టీచర్ ట్రైనింగ్ చదువుతున్న మా చెల్లెలి మీదా పడింది. రోజూ అసర్ నమాజు తరువాత తరగతి. మొదటి రోజున ముప్పైమందికి పైగా వచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి ఏడుగురు మిగిలారు.

కమిటీ సమావేశమైంది. పలకల ఖర్చు, దీపాల ఖర్చు, చాయ్ ఖర్చు అన్నీ లెక్క చూశారు. పైసాతో సహా సరిపోయింది. చివర్లో ఒకరు "మనం చేయవలసింది మనం చేశాం. వాళ్లకే శ్రద్ధ లేదు" అన్నారు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. తరగతి మూతపడింది.

కొన్నాళ్ల తరువాత ఆ తరగతికి వచ్చి మానేసిన ఒక ఖాలా మా చెల్లెలికి బజారులో ఎదురుపడింది. ఎందుకు మానేశారని అడిగితే ఆమె ఇలా అన్నదట: "బేటీ, మాకు చదువు చేదా? అసర్ అయిందంటే మరునాటి పనికి ఆకు తడిపి కత్తిరించుకోవాలి. ఆ వేళ మీ చాప మీద కూర్చుంటే తెల్లారి మా చేతిలో ఆకు ఉండదు. జొహర్ వేళ పెట్టి ఉంటే అరగంటైనా వచ్చేవాళ్లం. మమ్మల్ని ఎవరైనా అడిగితేగా!"

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. మా నియ్యత్‌లో లోపం లేదు. డబ్బులో లోపం లేదు. లెక్కల్లోనూ లోపం లేదు. అడగడం మాకు రాదు, అంతే. పైగా అది రాదన్న సంగతి కూడా మాకు తెలియదు.

ఖిద్మత్‌కు శిక్షణ అక్కర్లేదా?

మన ఊళ్లలో సేవా సంఘాలకు కొదవ లేదు. జకాత్, ఫిత్రా వసూలు చేసి పంచే కమిటీలు, బీద పిల్లలకు ఫీజులు కట్టే సొసైటీలు, కుట్టు మిషన్ల కేంద్రాలు, మదర్సాల యాజమాన్యాలు, యువకుల రక్తదాన సంఘాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకులో గుమాస్తాగా చేరినవాడికి కొన్నాళ్లు పని నేర్పుతారు. సర్కారు బడి పంతులుకు వేసవి సెలవుల్లో శిక్షణ తరగతులు పెడతారు. దర్జీ దగ్గర చేరిన కుర్రవాడు కూడా ముందు కాజాలు కుట్టి, గుండీలు కుట్టి, ఆ తరువాతే కత్తెర పట్టుకుంటాడు. కాని అనాథ పిల్లలను సాకే పనిలోనో, నిరుపేదల ఇళ్లు వెతికి సాయం అందించే పనిలోనో చేరేవారికి ఎవరూ ఏమీ నేర్పరు. "మనసు మంచిదైతే చాలు" అనుకుంటాం. పదేళ్లు పనిచేసిన కార్యకర్త తాను తెలుసుకున్నదంతా తన వెంటే తీసుకుపోతాడు. కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదటి తప్పు నుంచి మొదలుపెడతాడు.

ఇలా కాకుండా, తన కార్యకర్తలను కూర్చోబెట్టి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేలా చేసి, తాము సేవ చేసే జనం నుంచి కూడా పాఠం చెప్పించుకుని పెరిగిన సంస్థ ఒకటి మన పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌లో ఉంది. దాని పేరు బ్రాక్. ప్రపంచంలోని పెద్ద సేవా సంస్థల్లో ఒకటిగా దానిని లెక్కిస్తారు. అది పెద్దదైన తీరు కన్నా, తప్పులు చేసి వాటిని దిద్దుకున్న తీరు మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సుల్లాలో మొదటి పాఠాలు

బ్రాక్ స్థాపకుడు ఫజలె హసన్ ఆబిద్ 1936లో సిల్హెట్ ప్రాంతంలో జన్మించారు. లండన్‌లో అకౌంటెన్సీ చదివి, షెల్ చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తుండేవారు. 1970 నవంబరులో తూర్పు బెంగాల్ తీరాన్ని తుఫాను ముంచెత్తి లక్షల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయన చిట్టగాంగ్‌లో ఉన్నారు. మిత్రులతో కలిసి సహాయానికి వెళ్లారు. ఆ దృశ్యాలు చూశాక ఉద్యోగ జీవితం మీద మనసు నిలవలేదు. 1971 యుద్ధం ముగిసి దేశం స్వతంత్రమయ్యాక, లండన్‌లోని తన ఫ్లాటు అమ్మిన డబ్బుతో 1972లో సిల్హెట్ జిల్లాలోని సుల్లా అనే మారుమూల ప్రాంతంలో పని ప్రారంభించారు. భారతదేశం నుంచి తిరిగి వచ్చిన శరణార్థులకు ఇళ్లు, జాలర్లకు పడవలు సమకూర్చడం మొదటి పని.

ఆ పని త్వరలోనే ముగిసింది. కాని పేదరికం అలాగే ఉంది. అప్పుడు వయోజనులకు చదువు చెప్పే కేంద్రాలు ఊరూరా తెరిచారు. ఉత్సాహంగా చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానేశారు. సరిగ్గా మా బీడీ తరగతి కథే. అయితే అక్కడివారు "వాళ్లకు శ్రద్ధ లేదు" అని చేతులు దులుపుకోలేదు. పాఠ్య పుస్తకంలో ఉన్నదానికీ, ఆ మనుషుల బతుకుకూ పొంతన లేదని గ్రహించారు. అప్పు, భూమి, కూలి, జబ్బు వంటి విషయాల మీద చర్చ జరిగేలా పాఠాలను తామే కొత్తగా తయారుచేసుకున్నారు. నేర్చుకునేవారి బతుకు నుంచే పాఠం పుట్టాలని చెప్పిన బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరీ ఆలోచనలు అప్పట్లో ఆబిద్‌ను బాగా ఆకట్టుకున్నాయి.

రెండో పాఠం ఇంకా చేదైనది. ఊరంతా ఒక్కటే కుటుంబమనీ, ఊరికి మేలు చేస్తే అందరికీ మేలవుతుందనీ మొదట్లో వారు భావించారు. తీరా చూస్తే వచ్చిన సాయంలో పెద్ద వాటా ఊళ్లోని ఉన్నవారికే చేరుతోంది. అందుచేత కార్యకర్తలు ఊళ్లలో ఎవరి చేతిలో ఏముంది, ఎవరికి ఎవరు లొంగి ఉన్నారు, సర్కారు సాయం ఎక్కడ ఆగిపోతోంది అనే విషయాలు తెలుసుకోవడానికి పూనుకున్నారు. పది గ్రామాల్లో ఇలా తెలిసినదంతా 1980లో 'ది నెట్', అంటే 'వల' అనే పేరుతో పుస్తకంగా వచ్చింది. ఆ తరువాత బ్రాక్ తన పనిని భూమి లేని నిరుపేదల వైపు, ముఖ్యంగా స్త్రీల వైపు మళ్లించింది.

చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

ఇక అసలు కథకు వద్దాం. ఆ రోజుల్లో బంగ్లాదేశ్‌లో పసిపిల్లల ప్రాణాలు తీసే జబ్బుల్లో విరేచనాలు ముందుండేవి. విరేచనాలతో ఒంట్లోని నీరూ ఉప్పూ పోయి పిల్లవాడు కొద్ది గంటల్లోనే వాడిపోతాడు. ఉప్పుతోపాటు చక్కెర కూడా సరైన పాళ్లలో నీటిలో కలిపి తాగిస్తే పేగులు ఆ నీటిని పీల్చుకుంటాయి. ఇది 1968లో ఢాకాలోని కలరా పరిశోధనశాలలో రుజువైంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి ఎంతోమందిని బతికించారు.

మందు దొరికింది. కాని అది తల్లులకు తెలియాలి కదా! పొట్లాలు ఊరూరా అందించే శక్తి అప్పటి ప్రభుత్వానికి లేదు. ఇంట్లో ఉన్న ఉప్పు, బెల్లం, నీళ్లతోనే ఆ పానీయం తయారుచేయడం ప్రతి తల్లికీ నేర్పాలని బ్రాక్ నిర్ణయించింది. 1979లో సుల్లాలో ప్రయోగం జరిగింది. 1980 నుంచి అది దేశమంతటా విస్తరించే కార్యక్రమమైంది. మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అర్ధ సేరు నీళ్లు. వినడానికి సులువే. అయితే ఉప్పు ఎక్కువైతే పిల్లవాడికి హాని. తక్కువైతే గుణం లేదు. ఎవరి చెంబు ఎంత పడుతుందో వారికే తెలియదు. అందుకని కార్యకర్తలు ప్రతి ఇంట్లోనూ ఉన్న పాత్రలోనే అర్ధ సేరు కొలిచి, అంతవరకు గుర్తు పెట్టేవారు. తల్లి చేతనే కలిపించేవారు. గుర్తుంచుకోవలసిన విషయాలు మొదట పది ఉండేవి. అన్నీ జ్ఞాపకం ఉండడం లేదని తెలిశాక వాటిని ఏడుకు కుదించారు.

చదువుకున్న యువతులు జట్లుగా ఊళ్లలో బస చేసి ఇల్లిల్లూ తిరిగారు. ఆడపిల్లలు అలా ఊళ్లు తిరగడం ఆ రోజుల్లో అక్కడ కొత్త. ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఆ యువతికి జీతం ఇన్ని ఇళ్లకు వెళ్లిందని లెక్క చూసి ఇవ్వలేదు. కొన్నాళ్లయ్యాక వేరే పర్యవేక్షకులు వచ్చి, ఆమె నేర్పిన ఇళ్లలో కొన్నింటిని చీటీ వేసినట్టుగా ఎంచుకుని వెళ్లేవారు. తల్లికి ఎన్ని విషయాలు గుర్తున్నాయో అడిగేవారు. పానీయం కలపమనేవారు. అందులో కొంత పరీక్షకు తీసుకునేవారు. తల్లి ఎంత నేర్చుకున్నదో దానిని బట్టి నేర్పిన యువతికి ప్రతిఫలం!

ఉపాధ్యాయుడిగా ఈ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. మా కాలంలో సబక్ రాకపోతే బెత్తం పిల్లవాడి చేతి మీద పడేది. పాఠం అర్థమయ్యేలా చెప్పామా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడుక్కోలేదు. ఆ యువతులు మాత్రం సాయంత్రం బసకు చేరాక, ఏ ఇంట్లో ఏ మాట అర్థం కాలేదు, ఏ పోలిక చెబితే అర్థమైంది అని తమలో తాము చెప్పుకోక తప్పేది కాదు. ఒకరి యుక్తి మరొకరికి పనికివచ్చేది.

నేర్పేవారికే నమ్మకం లేకపోతే?

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. తల్లులు పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పగలుగుతున్నారు. పానీయం సరిగ్గా కలపగలుగుతున్నారు. కాని పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు దానిని తాగించినవారు నూటికి పదిమంది కూడా లేరని తేలింది. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య అంత అగాధం! మరో సంస్థ అయితే, ఇన్ని లక్షల ఇళ్లకు నేర్పామని నివేదిక రాసుకుని సంతోషించేదే. బ్రాక్ కారణం వెదకడానికి ఊళ్లకు మనుషులను పంపింది.

బయటపడిన మొదటి కారణం వినసొంపైనది కాదు. పాఠం చెప్పే కార్యకర్తల్లో చాలామందికే ఆ నీళ్ల మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలైతే వారు మాత్రలు మింగుతున్నారు. ఉప్పు బెల్లం నీళ్లతో జబ్బు తగ్గుతుందా అన్న అనుమానం లోపల పెట్టుకుని, పైకి పాఠం చెబుతున్నారు. గడప దగ్గర కూర్చున్న తల్లికి ఆ గొంతులోని అనుమానం వినిపించకుండా ఉంటుందా? అనుమానపడినందుకు వారిని తొలగించలేదు. ఆ పానీయం ఒంట్లో ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పారు. ఢాకాలోని కలరా ఆసుపత్రిలో రోగులు కోలుకోవడం కళ్లారా చూసే ఏర్పాటు చేశారు. ఆ తరువాత వారు తల్లుల ముందు ఆ నీటిని తామే గుక్కెడు తాగి చూపసాగారు. చెప్పే మాటలో బలం వచ్చింది.

రెండో కారణం మగవారు. వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఊరికి ఎవరో ఆడపిల్లలు వచ్చి, ఇంటి ఆడవాళ్లకు ఏదో నూరిపోసి వెళ్తున్నారన్న అనుమానం వారిలో ఉండేది. పిల్లవాడికి జబ్బు చేస్తే ఏం చేయాలో నిర్ణయించేది ఎక్కువగా వారే. అందుకని బజారుల్లో, బడుల్లో, మసీదుల వద్ద మగవారితో సమావేశాలు జరిపి విషయం వివరించడం మొదలైంది. అనుమానించినవారే తోడుగా నిలిచారు.

1990 నాటికి ఈ కార్యక్రమం 1 కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లకు చేరింది. ఇంట్లో కలిపిన నీళ్లయినా, ఆ తరువాత వచ్చిన పొట్లాలైనా విరేచనాలకు అలవాటుగా వాడే దేశాల్లో బంగ్లాదేశ్ ముందు వరుసలో నిలిచింది. విరేచనాలతో పసిపిల్లలు చనిపోవడం అక్కడ ఎంతగానో తగ్గింది. ఇదంతా ఒక్క బ్రాక్ చలవే అనడం న్యాయం కాదు. ప్రభుత్వమూ, రేడియో ప్రచారమూ, పరిశోధనశాలలూ అన్నీ తోడ్పడ్డాయి. కాని తల్లి గడప వరకు నడిచి వెళ్లినవి మాత్రం ఆ యువతుల పాదాలు.

నెలకోసారి కలిసి కూర్చోవడం

కార్యకర్తల చదువు కోసమే బ్రాక్ 1978లో ఢాకా దగ్గర సావార్‌లో ఒక శిక్షణ కేంద్రం నెలకొల్పింది. అంతకు ముందే, 1975లో, తన పనిని తానే పరిశీలించుకునే పరిశోధన విభాగాన్ని ప్రారంభించింది.

1985లో 22 చిన్న బడులతో మొదలైన వారి విద్యా కార్యక్రమం మనకు మరింత దగ్గరగా ఉంటుంది. ఒక గది, సుమారు ముప్పైమంది పిల్లలు, వారిలో అధిక భాగం ఆడపిల్లలు. టీచరు ఆ ఊరి గృహిణే. ఆమె చదువు తొమ్మిదో పదో తరగతి వరకే ఉండవచ్చు. అంతటి చదువుతో బడి ఎలా నడిపిందన్న ప్రశ్న సహజం. మొదట కొద్ది రోజుల శిక్షణ ఇచ్చేవారు. ఆ తరువాత ప్రతి నెలా చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట కలిసేవారు. గడిచిన నెలలో ఏ పాఠం తలకెక్కలేదు, రాబోయే నెలలో దేనిని ఎలా చెప్పాలి అని మాట్లాడుకునేవారు. బడి వేళలు కూడా తల్లిదండ్రులను అడిగే నిర్ణయించేవారు. కోతల కాలంలో ఒక వేళ, మిగతా రోజుల్లో ఇంకో వేళ. మా బీడీ తరగతికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

అమెరికన్ రచయిత డేవిడ్ కోర్టెన్ 1980లో ఆసియా దేశాల్లోని గ్రామీణ కార్యక్రమాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. తప్పు జరిగినప్పుడు సంస్థలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయని అందులో వివరించారు. కొన్ని తప్పును దాస్తాయి. కొన్ని తప్పు మరొకరిదంటాయి. బహు కొద్ది మాత్రమే తప్పును దగ్గరకు తీసుకుని దాని నుంచి నేర్చుకుంటాయి. ఈ మూడో కోవకు ఆయన చూపిన ముఖ్యమైన ఉదాహరణ బ్రాక్. ఆబిద్ 2019 డిసెంబరు 20న కన్నుమూశారు. ఆయన పెట్టిన ఒరవడి మాత్రం నిలిచి ఉంది.

మన తెలుగు నేల మీద కూడా ఈ పద్ధతి ఫలించింది. 2000లో ఏర్పడిన పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, మహిళా పొదుపు సంఘాలను పెంచినప్పుడు ఆఫీసర్లతో ఉపన్యాసాలు ఇప్పించి ఊరుకోలేదు. సంఘం బాగా నడిపిన ఊళ్ల స్త్రీలనే ఎంపిక చేసి వేరే ఊళ్లకు పంపింది. వారినే సీఆర్పీలు అంటారు. జట్టుగా వెళ్లి పదిహేను రోజులు ఆ ఊళ్లోనే ఉండి, అప్పు తీర్చిన తీరు, పుస్తకం రాసిన తీరు, తగవు తీర్చుకున్న తీరు తమ అనుభవంగా చెప్పేవారు. ఆ తరువాతి కాలంలో మన తెలుగు స్త్రీలు బీహార్ వంటి రాష్ట్రాలకు కూడా వెళ్లి అక్కడి స్త్రీలకు నేర్పి వచ్చారు. పేదరాలికి పేదరాలు చెబితే వినే తీరే వేరు.

మనం చేయగలిగినది

ఇంత పెద్ద సంస్థల మాట చెప్పి మన చిన్న కమిటీలను భయపెట్టాలని నా ఉద్దేశం కాదు. పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, లెక్కలు చూసే సమావేశం వేరు, పని గురించి మాట్లాడే సమావేశం వేరుగా ఉండాలి. నెలకోసారి కార్యకర్తలు గంటసేపు కూర్చుని, ఈ నెలలో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాత్రమే చెప్పుకోవాలి. మష్వరా మనకు కొత్తది కాదు. అయితే మన మష్వరాలో పెద్దలు మాట్లాడితే చిన్నవారు వింటారు. ఇంటింటికీ తిరిగి వచ్చే కుర్రవాడిని ముందుగా మాట్లాడనివ్వాలి.

రెండోది, సాయం పొందేవారిని అడగాలి. కుట్టు కేంద్రంలో ఆడపిల్లలు ఎందుకు మానేశారు, ఫీజు కట్టిన కుర్రవాడు పరీక్ష ఎందుకు తప్పాడు అని వారి ఇంటికి వెళ్లి, తప్పు పట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి అడగాలి.

మూడోది, ఒక నోటు పుస్తకం పెట్టాలి. జరిగిన పొరపాటు, దానికి దొరికిన ఉపాయం రెండు మూడు వాక్యాల్లో రాయాలి. కమిటీలు మారతాయి, సదర్ సాహెబులు మారతారు. పుస్తకం ఉంటే కొత్తవారు మొదటి తప్పు నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

నాలుగోది, పక్క ఊరి సంఘాన్ని పోటీగా చూడడం మానాలి. ఒకచోట అనాథాశ్రమం చక్కగా నడుస్తుంటే మన కార్యకర్తలను ఇద్దరిని వారం రోజులు అక్కడికి పంపితే తప్పేమిటి? ఏ జమాత్ వారు, ఏ మస్లక్ వారు అన్న ప్రశ్న ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్కరకు రాదు.

ఇందులో కష్టమైనది ఒకటే. తప్పు ఒప్పుకున్నవాడిని అవమానించకుండా ఉండడం. ఒక్కసారి నలుగురిలో ఒక కార్యకర్తను చులకన చేశామంటే, ఆ తరువాత ఎవరూ నిజం చెప్పరు. అందరూ "అంతా బాగుంది సాబ్" అంటారు. అంతా బాగున్నచోట నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ ఖాలా మాట విన్న మరుసటి ఏడాది మా చెల్లెలు కమిటీని అడగకుండానే మా ఇంట్లో జొహర్ తరువాత అరగంట తరగతి పెట్టింది. వచ్చినవారు చేటలు ఒళ్లో పెట్టుకునే వచ్చారు. చేతులు బీడీలు చుడుతుంటే కళ్లు పలక మీద ఉండేవి. పదిమందికి మించలేదు. కాని ఆ పదిమందీ చివరిదాకా మిగిలారు. కూలి పుస్తకంలో తమ లెక్క తామే చదువుకోగలిగిన రోజున ఆ ఖాలా మా ఇంటికి మిఠాయి పంపింది. మూడు వందల కట్టలకు రెండు వందల ఎనభై రాసిన సంగతి ఆమె మొదటిసారి పట్టుకున్నది ఆ రోజే.